ఎవరు పంపారో చూసి నమ్ముతున్నాం

సంపాదకులు గారికి నమస్కారం.

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో చిల్లర కొట్టులో 10 రూపాయల నాణెం ఇస్తే "నోటుంటే ఇవ్వండి సార్" అనే మాట ఇప్పటికీ వినపడుతుంటుంది. ఆ నాణెం చెల్లదని ఏ ప్రభుత్వమూ, ఏ బ్యాంకూ ఏనాడూ చెప్పలేదు. అంకె మీద పది గీతలుంటే అసలుది, పదిహేనుంటే దొంగది, రూపాయి గుర్తు లేకపోతే చెల్లదు అంటూ ఫోన్లలో తిరిగిన ఒక సందేశం ఇంత పని చేసింది. రిజర్వు బ్యాంకు 2016 నవంబరులో ఒకసారి, 2018 జనవరి 17న మరోసారి ప్రకటన ఇచ్చింది. అప్పటికి 14 రకాల డిజైన్లలో నాణేలు విడుదలయ్యాయనీ, అన్నీ చెల్లుతాయనీ రెండో ప్రకటనలో స్పష్టంగా ఉంది. సందేహమున్నవాళ్లు ఫోన్ చేసుకోవడానికి 14440 నంబరు కూడా పెట్టారు. అసలు రూపాయి గుర్తు పుట్టిందే 2010లో. అంతకు ముందు ముద్రించిన నాణెం మీద అది ఎలా ఉంటుంది?

కొట్టాయన్ని నిదానంగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. "చెల్లుద్దని నాకూ తెలుసు సార్. నేను తీసుకుంటా సరే, నా దగ్గర తీసుకునేదెవరు?" కూరగాయల మార్కెట్లో అడిగినా ఇదే జవాబు. ఎవరికి వాళ్లు నమ్మడం లేదు, పక్కవాడు నమ్ముతున్నాడని మాత్రం గట్టిగా నమ్ముతున్నారు. పుకారు నిలబడడానికి అంతే చాలు. రిజర్వు బ్యాంకు ప్రకటన కొట్టాయనకు తెలిసినా నాణెం కదలకపోవడానికి కారణం ఇదే. ఆ ప్రకటన తన గిరాకీలందరికీ తెలుసని ఆయనకు తెలియాలి. ఇలాంటి చోట కొట్టు ముందు "ఇక్కడ 10 రూపాయల నాణేలు తీసుకుంటాం" అని ఒక అట్టముక్క వేలాడదీస్తే వంద ప్రకటనల పని చేస్తుంది.

చదువుకోని వాళ్లే పుకార్లు నమ్ముతారనే మాట ఇకనైనా మానుకుంటే మంచిది. ఇంజనీర్లూ నమ్ముతున్నారు, టీచర్లూ నమ్ముతున్నారు. సందేశం రాగానే మన బుర్ర మొదట వేసుకునే ప్రశ్న "ఇది నిజమా?" కాదు, "ఎవరు పెట్టారు?" పెట్టింది మేనమామైనా, పిల్లాడి స్కూలు వాట్సాప్ గ్రూపులో టీచరమ్మైనా, రొయ్యల గుంటలకు మేత సరఫరా చేసే తెలిసినాయనైనా, ఆ మనిషి మీద ఇన్నేళ్లుగా ఉన్న గురి ఆ సందేశానికి అంటుకుంటుంది. ఆయన అబద్ధమాడే మనిషి కాడు, నిజమే. కాకపోతే ఆయన చూసి చెప్పింది కాదది. తనకు వచ్చింది మనకు తోశాడు (ఫార్వర్డ్ చేశాడు). రచ్చబండ దగ్గరైతే "నీకెవరు చెప్పార్రా?" అని అడిగి, ఆ చెప్పినవాణ్ణి కూడా పిలిపించి అడగొచ్చు. గ్రూపులో ఆ గొలుసు ఒక్క అడుగు వెనక్కి కూడా కనపడదు.

కనపడేదల్లా ఒక బాణం గుర్తు. సందేశం మీద ఒక బాణం ఉంటే అది వేరే చోటి నుంచి తోసింది. రెండు బాణాలుంటే కనీసం ఐదు చేతులు మారి వచ్చింది. వాట్సాప్ 2018 జులైలో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి తోయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి రెండు బాణాల సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. మంచి ఏర్పాటే గానీ ఒక్క గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. పైగా అక్షరాలను కాపీ చేసి కొత్తగా అతికిస్తే బాణాలు ఎగిరిపోతాయి. వీడియోను ఫోన్లో దాచుకుని మళ్లీ పెట్టినా అంతే. రెండు బాణాలుంటే అనుమానించాలి, నిజమే. బాణం లేదు కాబట్టి ఆయనే స్వయంగా తీశాడనుకోవడం మాత్రం పొరపాటు.

మా తరగతుల్లో విప్పి చూపడానికి, నెల్లూరుకు ఎగువన పెన్నా నది మీదున్న సోమశిల జలాశయం గురించి తయారుచేసుకున్న నమూనా వాయిస్ మెసేజ్ ఒకటి ఇస్తున్నాం. "అన్నా, సోమశిల గేట్లన్నీ ఎత్తేశారంట. గంటలో పది టీఎంసీలు వదిలారంట. తెల్లారేసరికి నెల్లూరు మునిగిపోద్ది. మా బామ్మర్ది ఇరిగేషన్‌లోనే పనిచేస్తాడు, ఆయనే ఫోన్ చేశాడు. టీవీల్లో ఇది చూపించరు. మనోళ్లందరికీ పంపించండి."

ఒక్కో ముక్కా చూడండి. "తెల్లారేసరికి" అన్నాడు గానీ ఏ తేదీ తెల్లారేసరికో చెప్పలేదు. అందుకే ఇలాంటి వాయిస్ ఏటా ఈశాన్య రుతుపవనాల వానల్లో మళ్లీ లేచి కూర్చోగలదు. బామ్మర్దికి పేరు లేదు, హోదా లేదు, ఏ ఊళ్లో పనిచేస్తాడో లేదు. అయినా మనవాడనిపిస్తాడు, ఎందుకంటే అలాంటి బామ్మర్ది ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. "టీవీల్లో చూపించరు" అన్నది అన్నిటికన్నా తెలివైన మాట. రేపు టీవీలో రాకపోతే అబద్ధమని తేలాల్సింది పోయి, "చెప్పాడు కదా, దాస్తున్నారు" అని నమ్మకం బలపడుతుంది. చివరి వాక్యం మనలోని మంచితనాన్ని పట్టుకుంటుంది. పంపితే నలుగురికి మేలు, నిజం కాకపోతే పోయేదేముంది అనుకుంటాం. వీటన్నిటి మీదా ఆ గొంతు మన యాసలోనే ఉంటుంది, కాస్త వణుకుతుంటుంది. అచ్చులో చదివితే అనుమానించే మనిషి కూడా చెవిలో పడితే కరిగిపోతాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. ఒక టీఎంసీ నీళ్లు 24 గంటల్లో పోవాలంటే 11,574 క్యూసెక్కుల చొప్పున వదలాలి. గంటలో పది టీఎంసీలంటే 27 లక్షల 77 వేల క్యూసెక్కులు. 2021 నవంబరులో పెన్నమ్మ ఎంత ఉగ్రంగా పారిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి ఆగిపోయింది. అప్పుడు సోమశిల దగ్గర ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులు దాటింది. దానికి ఐదింతలకు పైగా ఈ రాత్రి వదిలారంటే ఆ అంకె నోటికొచ్చినట్టు చెప్పిందే. ఇంత లెక్క అందరికీ రాకపోవచ్చు. వచ్చినవాళ్లు గ్రూపులో రెండు వరుసల్లో వేసి చూపొచ్చు కదా.

అసలైన వరద హెచ్చరిక తీరే వేరు. ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని గంటల నుంచి, ఏ లోతట్టు ప్రాంతాల వాళ్లు కదలాలి, ఎక్కడికి పోవాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉంటాయి. నెల్లూరులో పెన్నా పక్కనున్న పొర్లుకట్ట వాళ్లకు చెప్పాల్సింది, భగత్‌సింగ్ కాలనీ వాళ్లకు చెప్పాల్సింది విడిగా ఉంటుంది. ఊరంతా మునిగిపోద్దని గుండుగుత్తగా చెప్పరు. అనుమానమొస్తే జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానికైతే 1070. అయితే 2021లో నీళ్లు చూసిన ఇల్లాలు ఇలాంటి వాయిస్ విని వణికిపోతే ఆమెను తప్పు పట్టలేం. పుకారు అబద్ధం మీద బతకదు, మన నిజమైన జ్ఞాపకాల మీద బతుకుతుంది.

భూకంపాల సంగతి ఇంకా విచిత్రం. 2024 డిసెంబరు 21, 22, 23 తేదీల్లో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా భూమి స్వల్పంగా అదిరింది. ఇళ్లు కూలలేదు. నష్టం లేదు కాబట్టి భయం తగ్గాలి అనుకుంటాం. మనసు అలా పనిచేయదు. 1934 జనవరి 15న బీహారును కూల్చేసిన భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అదురు బాగా తెలిసినా పెద్దగా నష్టం జరగని ప్రాంతాల్లో తిరిగిన పుకార్లను పోగుచేశాడు. రాబోయేది ఇంతకన్నా పెద్దదనీ, ఫలానా రోజుల్లో పెనుగాలి వస్తుందనీ, ఎక్కువగా ఇలాంటివే. తర్వాత వాటిని పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ చెప్పిన కారణం ఆలోచించదగ్గది. ఇల్లు కూలినవాడికి తానెందుకు భయపడుతున్నాడో కళ్లెదుటే ఉంది. ఇల్లు నిలిచినవాడికి గుండె దడ ఉంది గానీ దానికి తగిన కారణం కంటికి కనపడదు. "రేపు ఇంకా పెద్దది వస్తుంది" అనే మాట ఆ దడకు కారణం చూపిస్తుంది. భయపెట్టే మాటే అతనికి ఊరట. దడ ముందు పుట్టింది, పుకారు తర్వాత వచ్చి అందులో కూర్చుంది.

అందుకే అదురు తగ్గిన గంటలోపే చెప్పాల్సింది చెప్పాలి. ఈ ప్రాంతంలో గుండ్లకమ్మ వెంట భూమి పొరల్లో పగులు ఉంది, చిన్న అదుర్లు కొత్త కాదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో వచ్చింది. భూకంపం ఫలానా తేదీన ఫలానా గంటకు వస్తుందని ముందే చెప్పగల పరికరం ప్రపంచంలో ఎక్కడా లేదు. కాబట్టి గడియారం పెట్టి చెప్పిన ఏ సందేశాన్నైనా విప్పకుండానే పక్కన పడేయొచ్చు. జరిగినదాని తీవ్రత, లోతు, సమయం కావాలంటే జాతీయ భూకంప కేంద్రం వెబ్‌సైట్లో, 'భూకంప్' యాప్‌లో ఉంటాయి. "భయపడొద్దు" అని మాత్రం చెప్పకండి. భయపడేవాడికి ఆ మాట "ఏదో దాస్తున్నారు" అని వినపడుతుంది.

పూర్తిగా అబద్ధమైన పుకారు త్వరగానే చస్తుంది. సగం నిజమున్నదే మొండిది. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో చచ్చిన కోళ్లకు బర్డ్ ఫ్లూ అని పరీక్షల్లో తేలింది. అది నిజం. చుట్టుపక్కల కొన్నాళ్లు చికెన్ షాపులు మూయించారు, అదీ నిజమే. ఈ రెండు నిజాల పక్కన "జిల్లాలో ఎక్కడ కోడి తిన్నా చస్తారు" అనే మాట పెడితే మూడోది కూడా నిజంలాగే కనపడుతుంది. మాంసం లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఆ వైరస్ చచ్చిపోతుంది. మన ఇళ్లల్లో కూర ఉడికే వేడి దానికన్నా ఎక్కువే. జాగ్రత్త పడాల్సింది పచ్చి మాంసం కోసే కత్తి, పీట, చేతుల దగ్గర, చచ్చిన కోళ్లను ముట్టుకునే దగ్గర. పిల్లలకు పచ్చి ముక్క పెట్టే అలవాటు ఎక్కడైనా ఉంటే అది మానాలి. ఇది చెప్పకుండా "వదంతులు నమ్మకండి" అని ఊరుకుంటే, జనం నిజమైన జాగ్రత్తను కూడా వదంతి కిందే కొట్టేస్తారు.

మందుల విషయంలో ఇంకో చిక్కుంది. 2021 మే 21న కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కొవిడ్ మందు కోసం వేల మంది ఎగబడ్డారు. ఆస్పత్రుల్లో మంచం దొరకని రోజులవి, ఆశపడ్డవాళ్లను వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, మే 31న కంట్లో వేసే చుక్కలు కాక, మిగతా మందుల్లో కొన్నిటికి అనుమతిచ్చింది. అయితే జనాన్ని అంత దూరం నడిపించింది పరీక్షల ఫలితాలు కావు, "నాకు తగ్గింది" అనే వీడియోలు. కొవిడ్ సోకినవాళ్లలో ఎక్కువ మందికి ఏ మందు వేసినా, వేయకపోయినా తగ్గేది. తగ్గినాయన వీడియో పెడతాడు. తగ్గనాయన పెట్టడు, పెట్టే స్థితిలో ఉండడు. మన ఫోన్లోకి వచ్చేవన్నీ ఒక వైపు సాక్ష్యాలే. షుగరుకు, కిడ్నీ రాళ్లకు, క్యాన్సర్‌కు తిరిగే ఆకు పసర్ల వీడియోలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఆ పసరు నమ్ముకుని ఇన్సులిన్ మానేసిన మనిషికి నష్టం రోజుల్లోనే జరిగిపోతుంది.

2018 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయనే పుకారు రేగింది. అప్పుడు దేశమంతా తిరిగిన వీడియోలో ఇద్దరు బైకు మీద వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ బైకువాళ్లే పిల్లవాణ్ణి తిరిగి దించి, జాగ్రత్త చెప్పే అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను కత్తిరించారు. అంతే, ప్రచార చిత్రం కాస్తా నేరానికి సాక్ష్యమైంది. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో సంచార జాతికి చెందిన ఐదుగురిని ఇదే అనుమానంతో జనం కొట్టి చంపారు. పొట్ట చేతబట్టుకుని మన ఊళ్లకొచ్చే గంగిరెద్దులవాళ్లు, పాత చీరలకు సామాన్లిచ్చేవాళ్లు, బిచ్చగాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు... పుకారు లేచిన రోజున దెబ్బలు తినేది వీళ్లే. వాళ్ల ఒంటి మీద చెయ్యి పడకముందే 112కు ఫోన్ చేయండి. గుంపు మధ్య నిలబడి "పోలీసులొచ్చేదాకా ఆగండి" అనే ఒక్క మనిషి ఉంటే ప్రాణం దక్కుతుంది.

వీడియో ఎక్కడిదో పట్టుకోవడం పది నిమిషాల పని. బోర్డు గానీ, బండి నంబరు గానీ, పోలీసు గానీ స్పష్టంగా కనపడే చోట ఆపి స్క్రీన్‌షాట్ తీయాలి. పైన ఎవరో రాసిన అక్షరాలను కత్తిరించేయాలి. అవి ఉంటే వెతుకులాట ఆ అక్షరాల వెంట పోతుంది. ఆ బొమ్మను గూగుల్ లెన్స్‌లో (బొమ్మను బట్టి వెతికే సదుపాయం) పెట్టి, వచ్చినవాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఉన్నదాన్ని చూడాలి. చాలామంది మొదట కనపడినది చూసి ఆగిపోతారు, అక్కడే బోల్తా పడతారు. మొదటిది దొరక్కపోతే మరో రెండు మూడు చోట్ల ఆపి మళ్లీ వెతకాలి. లెన్స్ రాకపోయినా కళ్లున్నాయి. నెల్లూరు జిల్లా పాత బళ్లు ఏపీ 26, ప్రకాశం జిల్లావి ఏపీ 27. 2019 నుంచి రాష్ట్రమంతా కొత్త బళ్లకు ఏపీ 39 సిరీస్ మొదలైంది. "కావలి దగ్గర" అన్న వీడియోలో ఒక్క ఏపీ బండీ లేకపోతే, కొట్ల బోర్డుల మీద తెలుగు లేకపోతే, బళ్లు రోడ్డుకు కుడి పక్కన పోతుంటే ఇంకేం కావాలి? బయట కుండపోతగా కురుస్తుంటే "ఇప్పుడే, మన ఊళ్లో" అన్న వీడియోలో ఎండ కాస్తుంటే అదీ చాలు. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన సంగతైతే ఆ ప్రభుత్వ సమాచార విభాగమైన పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాట్సాప్ నంబరు 8799711259కు పంపి అడగొచ్చు.

అబద్ధమని తేలాక కూడా చాలామంది చేసే పొరపాట్లు ఉన్నాయి. గ్రూపులో అందరి ముందూ "చూసుకోకుండా ఎందుకు పెడతావ్?" అని దులిపేస్తారు. పెట్టినాయన వయసులో పెద్దవాడైతే ఆ మాట పడలేక ఆ అబద్ధాన్నే వెనకేసుకొస్తాడు. ముందు ఆయనకు విడిగా ఫోన్ చేసి, "బాబాయ్, ఇది పాతదంట, మీరే తీసేస్తే బాగుంటుంది" అనాలి. ఆయన చేతే సవరణ పెట్టించగలిగితే అంతకన్నా మందు లేదు, ఎందుకంటే నమ్మకం ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెనక్కి పోవాలి. "అందరికీ డిలీట్" నొక్కితే ఆ గ్రూపులోది మాత్రమే పోతుంది. అప్పటికే బయటికి తోసినవి పోవు. కాబట్టి తీసేయడంతో పాటు ఒక వరుస రాయడం తప్పనిసరి. గ్రూపు అడ్మిన్ ఎవరి సందేశాన్నైనా తీసేయగలడు. గొడవ ముదిరే రాత్రి అడ్మిన్లు మాత్రమే రాసేలా కట్టేయగలడు కూడా.

ఉత్త "ఫేక్" అని రాస్తే సరిపోదు. ఆ వీడియో ఇది కాకపోతే మరేమిటి అన్న ఖాళీ మిగిలిపోతుంది, ఆ ఖాళీలోకి పాత పుకారే తిరిగొస్తుంది. "ఇది కరాచీలో తీసిన ప్రచార చిత్రం, చివర్లో పిల్లవాణ్ణి దించేస్తారు" అంటే ఆ చోటు నిండుతుంది. వాయిస్‌లో వచ్చిన పుకారుకు వాయిస్‌లోనే జవాబు ఇవ్వాలి. అచ్చు చదవలేని అవ్వకు మీరు పంపిన పీడీఎఫ్ ఎందుకు?

ఇంకో మాట, విన్నకొద్దీ నమ్ముతాం. ఒకే వాక్యాన్ని కొన్ని వారాల ఎడంతో మళ్లీ మళ్లీ వినిపిస్తే అది నిజమనిపించడం పెరుగుతుందని 1977లోనే ప్రయోగం చేసి చూపారు. ఖండించడానికైనా పుకారును పెద్దక్షరాల్లో పదేపదే రాస్తే మనమే దానికి నీళ్లు పోసినట్టు. నిజం ముందు రావాలి, పుకారు ఒక్కసారే, చిన్నగా రావాలి.

విపత్తు గురించి తప్పుడు హెచ్చరికతో కలకలం రేపితే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. కావాలని పుట్టించినవాడికి అది పడాల్సిందే. కానీ మంచికేననుకుని పంపిన మనిషిని స్టేషన్‌కు పిలిపిస్తే, రేపు కట్ట నిజంగా గండిపడినప్పుడు చూసినవాడు కూడా నోరు మెదపడు.

మీ పత్రికకు మా విన్నపాలు ఇవి. "జోరుగా ప్రచారం", "నిజమేనా?" అనే శీర్షికలు దయచేసి మానండి. పత్రిక అచ్చేసిందంటే ఏదో ఉంటుందనే జనం అనుకుంటారు. మీ పత్రిక పేరుతో దొంగ క్లిప్పింగులు పుట్టించడం ఇప్పుడు ఫోన్లోనే అయిపోతోంది. అక్షరాల తీరు తేడాగా ఉండడం, ఊరి పేరు, తేదీ లేకపోవడం వాటి గుర్తులు. అయితే పాఠకుడు అంతా పరిశీలించే దాకా ఆగడు. "ఈ ముక్క మీ పత్రికలో వచ్చిందా?" అని పంపితే అవును, కాదు అని మాత్రం బదులిచ్చే వాట్సాప్ నంబరు ఒకటి పెట్టండి. 2018లో అచ్చయిన ఒక పరిశోధన 2006 నుంచి 2017 దాకా ట్విటర్లో తిరిగిన సుమారు 1 లక్షా 26 వేల వార్తలను పరిశీలించింది. 1,500 మందిని చేరడానికి అబద్ధం కన్నా నిజానికి ఆరు రెట్ల సమయం పట్టిందట. తెల్లవారి పేపరు దాకా ఆగితే ఆలస్యమే, సాయంత్రానికే ఆ బదులు ఫోన్లలోకి రావాలి.

జిల్లా పేజీలో రోజూ ఒక చిన్న పెట్టె కేటాయించండి. రెండు కాలమ్‌ల వెడల్పు, ఎనిమిది వరుసలు చాలు. మొదటి వరుసలో నిజం, తర్వాత అది ఎక్కడ తేలిందో, చివర్లో ఫోన్ నంబరు. ఫొటో తీసి గ్రూపులో పెడితే పెద్దది చేయకుండానే చదవగలిగేంత అక్షరాలుండాలి. మూలన తేదీ, ఎడిషన్ పేరు మాత్రం మరవకండి. అవి లేకపోతే మీ పెట్టె కూడా మరో ఏడాది నవంబరు వానల్లో కొత్త కబురులా తిరుగుతుంది.

— ఫోన్ వాడకంపై తరగతులు చెప్పే ఉపాధ్యాయులు,
కందుకూరు